మా క్రివోయ్ రోగ్ బ్యాచ్ గురించి నీకో ఉత్తరం

చిట్టితల్లీ,

మొన్న ఫోన్‌లో "ట్రైనింగే కదా నాన్నా, వెళ్తాం, వాళ్లు చెప్పేది నేర్చుకుంటాం, వచ్చేస్తాం, దానికి నువ్వింత హడావుడి పడతావేంటి" అన్నావు. నేను బదులు చెప్పేలోపే మీ అమ్మ ఫోన్ లాక్కుని పొడుల సంగతి మొదలుపెట్టేసింది. ఫోన్‌లో చెబితే తేలేదీ కాదది. అందుకే రాస్తున్నాను. కాస్త పెద్ద ఉత్తరమే, తీరిగ్గా చదువుకో. చివర్లో నీకో పని కూడా అప్పజెబుతున్నాను.

భిలాయి పెదనాన్న, గుంటూరు బాబాయ్, కంచిలి మామయ్య మనకు చుట్టాలు కారని, స్టీల్ ప్లాంట్‌లో నాతో పనిచేసినవాళ్లని నీకు తెలుసు. కానీ ప్లాంట్‌లో వేలమందిమి పనిచేశాం కదా, వాళ్లలో ఈ ముగ్గురే మన ఇంటి మనుషులెలా అయ్యారు, నీ ఓణీల ఫంక్షన్‌కి షామియానా దగ్గర్నుంచి వంటల దాకా వాళ్లే ఎందుకు మీదేసుకుని చూశారు, అది నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. ఉక్రెయిన్ వార్తల్లో ఆ క్రివోయ్ రోగ్ ఊరి పేరు వినబడగానే నేను టీవీ సౌండ్ పెంచడం, అందర్నీ నోరు మూసుకోమనడం చూసే ఉంటావు. రెండిటికీ మూలం ఒకటే.

నేను చేరిన కొత్తలో విశాఖ ఉక్కు అంటే ఇంకా గోతులు, ఇనుప స్తంభాలు, ఎర్రమట్టి దుమ్మే. 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసి వెళ్లాక ఏళ్లకేళ్లు పెద్దగా ఏమీ కదల్లేదు. 1979లో సోవియట్ వాళ్లతో ఒప్పందం కుదిరి, 1982లో రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ ఏర్పడ్డాకే ఊపొచ్చింది. మాకు రాబోయే బ్లాస్ట్ ఫర్నేస్, అంటే ఖనిజం కరిగించి ఇనుము తీసే పెద్ద కొలిమి, 3,200 ఘనపు మీటర్లది, అప్పటికి దేశంలో అంత పెద్దది ఎక్కడా లేదు. కట్టడం ఒక ఎత్తు, నడపడం మరో ఎత్తు. అందుకని నడిచే ఫర్నేసులు చూసి పని నేర్చుకు రమ్మని మమ్మల్ని బ్యాచ్‌లుగా సోవియట్ యూనియన్ పంపారు. మా బ్యాచ్‌కి క్రివోయ్ రోగ్ పడింది, ఇప్పుడు టీవీలో క్రివీ రిహ్ అంటున్నారే, ఆ ఊరే. 1986 చలికాలం మొదలయ్యేటప్పటికి వెళ్లాం. చెర్నోబిల్ రియాక్టర్ పేలింది ఆ ఏడాది ఏప్రిల్‌లోనే, అది కూడా ఉక్రెయిన్‌లోనే. మీ నానమ్మ ఏడ్చిన ఏడుపు ఇంతా అంతా కాదు. మేం వెళ్లే ఊరికీ చెర్నోబిల్‌కీ వందల కిలోమీటర్ల దూరం ఉందని మ్యాప్ చూపించినా ఆవిడ నమ్మలేదు.

ఆ ఊరు చూస్తే నీకు భలే నచ్చేది. ఇనుప గనుల వెంబడి ఇటు చివర నుంచి అటు చివరకి వంద కిలోమీటర్లు దాటి సాగిపోయిన ఊరు. ఇనుప ఖనిజం దుమ్ముకి మంచు కూడా ఎర్రబారిపోయేది. అక్కడి తొమ్మిదో నంబర్ ఫర్నేస్ 5,000 ఘనపు మీటర్లది, 1974లో మొదలైంది. మొదటిరోజు దాని కింద నిలబడి తలెత్తి చూసి మేం నలుగురం మాట్లాడకుండా అలా ఉండిపోయాం.

హాస్టల్లో గదికి ఇద్దరు. నాకూ గుంటూరు బాబాయ్‌కీ ఒకే గది ఇచ్చారు. అప్పటికి మా ఇద్దరికీ మాటల్లేవు తెలుసా? సీనియారిటీ లిస్టులో ఎవరి పేరు పైన ఉండాలన్న గొడవ, ఆఫీసులో పెద్దగానే జరిగింది. ఢిల్లీ నుంచి మాస్కో దాకా విమానంలో, మాస్కో నుంచి రైల్లో, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే వచ్చాం. నీ టీమ్‌లో ఇద్దరితో నీకు పడదని అన్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఇదే.

తిండికి మొదట్లో చాలా ఇబ్బంది పడ్డాం, ముఖ్యంగా బాబాయ్, ఆయన గుడ్డు కూడా ముట్టడు. నల్ల రొట్టె, బంగాళదుంపలు, పెరుగులాంటి కెఫీర్, వాటితోనే నెట్టుకొచ్చాడు. హాస్టల్ డ్యూటీలో ఒక పెద్దావిడ ఉండేది. ఈ పిల్లాడు ఎండిపోతున్నాడని, వాళ్లింట్లో ఊరబెట్టిన దోసకాయల సీసా తెచ్చి ఇచ్చింది. బదులుగా భిలాయి పెదనాన్న మన ఆవకాయ ఓ గిన్నెలో పెట్టిస్తే ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది, అయినా గిన్నె మాత్రం వెనక్కివ్వలేదు, పట్టుకెళ్లిపోయింది. పెదనాన్న అంతకుముందు భిలాయిలో సోవియట్ నిపుణులతో పనిచేసొచ్చాడు కాబట్టి కాస్తో కూస్తో రష్యన్ వచ్చు. మాకందరికీ ఆయనే పెద్దదిక్కు.

ఇక పని. మాకు దుబాసీగా ఒక అమ్మాయిని ఇచ్చారు, ఇంగ్లీషు బాగా చదువుకున్న పిల్ల, కానీ కాస్ట్ హౌస్‌లో, అంటే ఫర్నేస్ నుంచి కరిగిన ఇనుము బయటికి వదిలే చోట, వాడే మాటలు ఆ పిల్లకీ తెలియవు. మాకు పని నేర్పింది షిఫ్ట్‌లో సీనియర్ ఒకాయన, మేం పెద్దాయన అనుకునేవాళ్లం. నిజానికి యాభై కూడా లేవేమో, ఫర్నేస్ ముందు చేసేవాళ్లకి అక్కడ యాభైకే పెన్షన్. మందపాటి ఉన్ని కోటు, ఫెల్ట్ టోపీ, మెడలో నీలం అద్దం. ఆ అద్దంలోంచి ట్యూయర్ లోపలికి చూపించేవాడు, అంటే ఫర్నేస్‌లోకి వేడిగాలి కొట్టే గొట్టం మూతికి ఉండే చిన్న కిటికీలోంచి. కోక్ బొగ్గు ముక్కలు తెల్లగా మండుతూ గంతులేస్తుంటే సరిగ్గా ఉన్నట్టు, నల్లటి ముద్దలు జారుతుంటే ఫర్నేస్ చల్లబడుతున్నట్టు. అన్నీ చేతులతోనే చెప్పేవాడు.

ట్యాపింగ్ అప్పుడు, అంటే ఫర్నేస్‌కి కన్నం తెరిచి ఇనుము వదిలేటప్పుడు, నా భుజం పట్టుకుని, కరిగిన ఇనుము పారే కాలవ పక్కన ఎంత దూరంలో నిలబడాలో అంత దూరంలో నిలబెట్టేవాడు. 1,500 డిగ్రీల దగ్గర ఉన్న ఇనుము అది. రవ్వల్ని చూడమనేవాడు. రవ్వలు దండిగా, కిందకిందగా ఎగురుతుంటే సిలికాన్ తక్కువ, ఫర్నేస్‌లో వేడి తగ్గుతోందన్నమాట. రవ్వలు తక్కువైతే సిలికాన్ ఎక్కువ. ల్యాబ్ నుంచి రిపోర్ట్ వచ్చేలోపే ఆయన సుద్దముక్కతో స్తంభం మీద ఒక అంకె రాసేవాడు, రిపోర్ట్ వచ్చాక దాని పక్కనే అసలు అంకె రాసేవాడు. రెండూ దాదాపు ఒకటే ఉండేవి. తర్వాత తర్వాత సుద్దముక్క నా చేతికిచ్చి రాయమనేవాడు. తప్పు రాసినా ఒక్క మాట అనేవాడు కాదు, మళ్లీ రవ్వల వైపు వేలు చూపించేవాడు. పని అయ్యాక ఉప్పు కలిపిన సోడా నీళ్ల మెషిన్ దగ్గరికి తీసుకెళ్లి గ్లాసు నింపి ముందు మాకిచ్చేవాడు, తర్వాతే తను తాగేవాడు. ఇరవై ఏళ్లు ఆ వేడిలో నిలబడి సంపాదించుకున్న విద్య అది, ఇంకో దేశం నుంచొచ్చిన వాళ్లకి దాపరికం లేకుండా ఇచ్చేశాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

1987 జనవరిలో ఆ ప్రాంతమంతా విపరీతమైన చలి. ఆ చలిలోనే కంచిలి మామయ్యకి టెలిగ్రామ్ వచ్చింది, వాళ్ల నాన్నగారు పోయారని. అది చేతులు మారి మారి మా దాకా వచ్చేసరికే పదోరోజు దగ్గరపడింది. అనుమతులు రావాలి, మాస్కో వెళ్లాలి, విమానం దొరకాలి, ఎలా చూసినా అందుకోలేడు. ఒక్కడే కొడుకు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకుండిపోయాడు. అప్పుడు గుంటూరు బాబాయ్ ఏమీ మాట్లాడకుండా నీళ్లు కాచి, తన సేఫ్టీ రేజర్ తీసి, మామయ్యని కూర్చోబెట్టి గుండు చేశాడు. నన్ను చూసి "నువ్వు ఇటుపక్క లైటు పట్టుకో" అన్నాడు. అన్ని నెలల్లో ఆయన నాతో అన్న మొదటి మాట అది. లైటు పట్టుకున్నాను. తెగకుండా, ఎంత నెమ్మదిగా చేశాడో. పెదనాన్న బియ్యం ఎక్కడ సంపాదించాడో సంపాదించి వండాడు, తనకు తెలిసిన మంత్రమేదో చదివాడు. ఆ రాత్రి తర్వాత సీనియారిటీ మాట మా ఇద్దరి మధ్య మళ్లీ రాలేదు.

సాయంత్రం పెద్దాయన, షిఫ్ట్‌లో ఇంకో నలుగురు మా గదికి వచ్చారు. వాళ్లలో ఉక్రెయిన్ వాళ్లున్నారు, రష్యా వాళ్లున్నారు, ఒక తాతార్ ఉన్నాడు. జేబులోంచి వోడ్కా సీసా తీసి ఒక గ్లాసులో పోసి, దాని మీద నల్ల రొట్టె ముక్క పెట్టి బల్ల మీద ఉంచారు. అది పోయినవాళ్లకట, ఎవరూ ముట్టకూడదు. గోర్బచేవ్ మద్యం మీద ఆంక్షలు పెట్టిన రోజులవి, ఆ సీసా కోసం ఎంతసేపు క్యూలో నిలబడ్డారో. వెళ్లేటప్పుడు పెద్దాయన తన చెవుల టోపీ, ఉషాంక అంటారు, తీసి మామయ్య గుండు మీద పెట్టి, కింద తాళ్లు తనే ముడేసి, బోడితలతో ఆ మంచులోకి వెళ్లిపోయాడు. మామయ్య ఇంట్లో అద్దాల బీరువాలో ఉన్న ఆ పాత బొచ్చు టోపీ, నువ్వు చిన్నప్పుడు పెట్టుకుంటానని ఏడిస్తే మామయ్య ఇవ్వలేదని అలిగావు చూడు, అదే ఇది.

అన్నీ బరువైన రోజులే కావులే. అంతకుముందు 1986 డిసెంబర్ 26న ఊళ్లో కొత్తగా మెట్రోట్రామ్ మొదలైంది, ట్రామ్ బండ్లే కొంత దూరం భూమి లోపల సొరంగాల్లో నడుస్తాయి. పెద్దాయన మనవరాలికి అప్పుడు నాలుగేళ్లు. ఆ పిల్లని నా భుజాల మీద ఎక్కించుకుని అందరం ఆ చివర నుంచి ఈ చివరకి తిరిగాం. మీ నానమ్మ పెట్టిచ్చిన బొట్టుబిళ్లల అట్ట ఒకటి పిల్ల చేతిలో పెడితే నుదుటి మీద, బుగ్గల మీద, కోటు గుండీల మీద అతికించుకుంది. ఏనుగు బొమ్మ ఉన్న ఇండియా టీ పొట్లాలంటే వాళ్లకి ప్రాణం, మమ్మల్ని చూసి ఆ ఏనుగు మాది అనుకునేవాళ్లు. రాజ్‌కపూర్ పేరెత్తితే ముసలమ్మలు కూడా పాటందుకునేవాళ్లు.

వచ్చేశాక ఏడాదికి రెండో మూడో ఉత్తరాలు. 1990 మార్చిలో మన మొదటి ఫర్నేస్, గోదావరి, వెలిగించాం. మొదటి ఇనుము బయటికి వచ్చినప్పుడు రవ్వలు చాలా తక్కువ. కొత్త ఫర్నేస్‌లో మొదట సిలికాన్ ఎక్కువుంటుందని పెద్దాయన చెప్పినట్టే. నేనూ బాబాయ్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం, ఇద్దరికీ ఆయనే గుర్తొచ్చాడు. ఆ సంగతి రాస్తే జవాబొచ్చింది కూడా. ఆ తర్వాత 1991 చివరికి ఆ దేశమే లేకుండా పోయింది, డబ్బు విలువ పడిపోయి అక్కడ మనుషులు నానా అవస్థలు పడ్డారు, ఉత్తరాలు ఆగిపోయాయి. ఆ ప్లాంటు 2005లో లక్ష్మీ మిట్టల్ కంపెనీ చేతికి వెళ్లిందని పేపర్లో చదివి, మనవాళ్ల పేరు అక్కడికి మళ్లీ చేరిందిలే అనుకున్నాం.

చాలా ఏళ్ల తర్వాత బాబాయ్ వాళ్ల అబ్బాయి ఫేస్‌బుక్‌లో వెతికి వెతికి ఆ దుబాసీ అమ్మాయిని పట్టుకున్నాడు, ఇప్పుడు ఆవిడా అమ్మమ్మే. ఆవిడ ద్వారా పెద్దాయన పోయారని తెలిసింది, మనవరాలి నంబర్ దొరికింది. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలయ్యాక మేం నలుగురం రోజూ ఆ ఊరి వార్తలే. మార్చిలో అక్కడి ఫర్నేసులు ఆపేశారని విన్నరోజు మామయ్య అన్నం తినలేదు. సెప్టెంబర్‌లో క్షిపణులతో ఊరి పైనున్న డ్యామ్‌ని కొట్టారు, ఇంగులెట్స్ నది ఇళ్లలోకి వచ్చింది. 2023 జూన్‌లో కఖోవ్కా డ్యామ్ తెగి ఊరికి తాగునీళ్లు కరువయ్యాయి. 2025 ఏప్రిల్‌లో పిల్లలు ఆడుకునే చోట క్షిపణి పడి 20 మంది పోయారు, అందులో 9 మంది పిల్లలే. ఆ రాత్రి నువ్వు ఇంట్లోనే ఉన్నావు, నేను టీవీ ముందు లేచి నిలబడిపోతే ఏమైంది నాన్నా అని అడిగావు. ఆ బల్ల చుట్టూ మామయ్య కోసం కూర్చున్న వాళ్లలో ఇరు దేశాల వాళ్లూ ఉన్నారమ్మా. వాళ్ల పిల్లలు ఇప్పుడు ఒకరి మీద ఒకరు... నాకది ఎన్నిసార్లు అనుకున్నా మింగుడుపడదు.

మేం నలుగురం ఇప్పటికీ కలుస్తూనే ఉన్నాం, నీకు తెలుసు. 2021లో మన విశాఖ ప్లాంటు అమ్మేస్తామన్నప్పటి నుంచి కూర్మన్నపాలెం దీక్షా శిబిరంలో ఎన్ని రోజులు పక్కపక్కన కూర్చున్నామో.

ఇప్పుడు నీ పని. పెద్దాయన మనవరాలు, నా భుజాల మీద ట్రామ్ ఎక్కిన పిల్ల, కూతుర్ని తీసుకుని జర్మనీ వచ్చేసింది, ఎస్సెన్‌లో ఉంటోంది. వాళ్ల నాన్న మాత్రం ఊరు వదిలి రానని ప్లాంటులోనే ఉన్నాడు. నీ ట్రైనింగ్ డ్యూసెల్డార్ఫ్ అన్నావు కదా, అక్కడి నుంచి ఎస్సెన్ రైల్లో అరగంటే. వెళ్లిన మొదటి ఆదివారమే వెళ్లు, సెలవు దొరకలేదు, వర్కుంది అని వాయిదా వేయకు. నంబర్ వాట్సాప్‌లో పంపాను, నువ్వొస్తున్నావని ఆమెకి చెప్పాను కూడా. బాబాయ్ ఒక చీర ఇస్తానన్నాడు, మామయ్య కొండపల్లి ఏనుగు అంబారీ బొమ్మ కొని ఉంచాడు, పెదనాన్న తన చేత్తో రష్యన్‌లో ఒక ఉత్తరం రాస్తున్నాడు, కళ్లు సరిగ్గా కనిపించక రోజుకి నాలుగు లైన్లే అవుతున్నాయి. అవన్నీ నీ పెట్టెలో పట్టేలా చూసుకో, బట్టలు తగ్గించుకో. ఆ పాపకి ఏడేళ్లు, కారం అలవాటుండదు, కాబట్టి ఆవకాయ వాళ్ల అమ్మకిచ్చి పాపకి మాత్రం మీ అమ్మ చేసిన సున్నుండలు పెట్టు. బొట్టుబిళ్లలు రెండు అట్టలు ఎక్కువే కొను.

ఉంటాను,
నాన్న