వచ్చే సంక్రాంతికైనా గేట్ల దగ్గర ఆపకండి సార్

కేంద్ర రోడ్డు రవాణా శాఖ మంత్రి గారికి,

హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు పండక్కి ఊరెళ్లాలంటే మాకు ముందు గుర్తొచ్చేది టోల్‌గేటే సార్. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి చేశారు, మంచిదే, చిల్లర గొడవ పోయింది. కానీ మొన్న సంక్రాంతికి ఒక గేటు దగ్గర ముందున్న కారు ట్యాగు స్కాన్ కాక, సిబ్బంది చేతిలో మెషీన్ పట్టుకుని అద్దం చుట్టూ తిరుగుతుంటే, వెనక మేమంతా ఏడుస్తున్న పిల్లలతో అలాగే ఉండిపోయాం. క్యూ 100 మీటర్లు దాటితే టోల్ లేకుండా వదలాలని 2021 మేలో నియమం పెట్టి, 2024లో తీసేశారు కదా, పండగ రోజుల్లోనైనా దాన్ని మళ్లీ అమలు చేయించండి. గేటే లేకుండా, కెమెరా నంబర్ ప్లేటు చదివి ట్యాగు నుంచి డబ్బు తీసుకునే పద్ధతి కోసం గుజరాత్‌లోని చోర్యాసీ ప్లాజాకు 2025 ఆగస్టులో ఒప్పందం చేసుకున్నారు. మా దారికి అది ఎప్పుడొస్తుందో తేదీ చెప్పండి.