పాలరాతి మనిషిని వెతికిన అమ్మాయి

క్రాకోవ్

చిట్టీ,

నీ ఉత్తరం చేరింది. నా క్షేమసమాచారాలు అమ్మకి వేరే కాగితం మీద రాశాను, ఇది నీకొక్కదానికే. డిప్లొమా సినిమాకి అసలు మనిషే దొరకడం లేదని, దొరికినవాళ్లు తలా ఒక మాట చెబుతున్నారని, సబ్జెక్టు మార్చేయనా అని అడిగావు. అప్పుడే మార్చకు. ముందు ఒక పాత పోలిష్ సినిమా చూడు. పేరు ‘చ్వొవ్యెక్ జ్ మార్మురు’, అంటే పాలరాతి మనిషి. ఆంజెయ్ వైదా తీశాడు, 1977 ఫిబ్రవరిలో విడుదలైంది. నిడివి రెండున్నర గంటల పైమాటే. ఒకే బిగిన చూడకపోయినా ఫర్వాలేదు, మొదటి అరగంట మాత్రం రెండుసార్లు చూడు.

ఆగ్న్యేష్క అని ఒక ఫిల్మ్ స్కూల్ విద్యార్థిని. డిప్లొమా కోసం టీవీకి ఒక డాక్యుమెంటరీ తీస్తోంది. 1950ల మొదట్లో నోవా హుతా అనే ఊళ్లో మతేఉష్ బిర్కుత్ అనే తాపీమేస్త్రీ ఒక్క షిఫ్టులో తన జట్టుతో 30,509 ఇటుకలు పేర్చి రికార్డు కొట్టాడు. పోస్టర్లెక్కాడు, పాలరాతి విగ్రహమయ్యాడు, ఆ తర్వాత మాయమైపోయాడు. ఏమయ్యాడన్నదే ఆ పిల్ల ప్రశ్న. ఆ ప్రశ్న అడగడం టీవీవాళ్లకి ఇష్టం లేదు.

ఆ అంకెని ఊరికే వదిలేయకు. ఎనిమిది గంటల షిఫ్టంటే 28,800 సెకన్లు. సెకనుకి ఒకటి కంటే ఎక్కువ ఇటుకలన్నమాట, అదీ విరామం లేకుండా. మేస్త్రీ వంగి ఇటుక తీసుకుని, మాలు పరిచి, తాపీతో సర్దుతూ కూర్చుంటే అది జరిగే పని కాదు. ఒకరు మాలు పరుస్తూ పోవాలి, ఒకరు ఇటుక అందిస్తూ పోవాలి, మేస్త్రీ చెయ్యి చాపి పెట్టుకుంటూ పోవాలి. చూడకుండా చెయ్యి చాపడంలోనే ఆ వేగమంతా ఉంది. తర్వాత ఒక ప్రదర్శనలో ఎవరో నిప్పులా కాలుతున్న ఇటుక అందిస్తారు, బిర్కుత్ చేతులు కాలిపోతాయి. ఎందుకు పట్టుకున్నాడని అడగక్కర్లేదు. పని పద్ధతిలోనే ఆ ప్రమాదం ఉందని ముందే చూపించేశాడు వైదా. నీ సినిమాలో కూడా పనిని అంత వివరంగా చూపిస్తే సగం కథ అదే చెబుతుంది.

నోవా హుతా ఇప్పుడు క్రాకోవ్‌లో భాగమే, ట్రామ్ ఎక్కితే చాలు. 1949లో ఉక్కు కర్మాగారం కోసం పొలాల మీద కట్టడం మొదలుపెట్టిన ఊరు అది. అలెక్సాందర్ శ్చిబోర్-రిల్‌స్కీ ఈ సినిమా స్క్రిప్టు 1960ల మొదట్లోనే రాశాడు. బీజం ఒక చిన్న పత్రికా వార్త: ఒకప్పటి శ్రమవీరుడైన తాపీమేస్త్రీ పని అడగడానికి వస్తే, తాపీపనివాళ్లు అక్కర్లేదన్నారట. స్క్రిప్టు పదేళ్లకి పైగా అనుమతి లేకుండా పడి ఉంది. 1976లో సాంస్కృతిక మంత్రి యూజెఫ్ తెయ్ఖ్‌మా ఒప్పుకుంటే గానీ షూటింగ్ మొదలవలేదు. సబ్జెక్టుకి పదేళ్లు పట్టవచ్చని చెప్పడానికి కాదులే ఇదంతా, నీకు గడువు జూన్ అని తెలుసు!

ఇక అసలు సంగతి, ఆ పిల్ల పని చేసిన వరస. మొదట ప్రొజెక్షన్ గదిలో కూర్చుంటుంది. పాత వార్తాచిత్రాలు చూస్తుంది, వాటితోపాటు వాడకుండా పక్కన పడేసిన ముక్కలూ చూస్తుంది. విడుదలైనదాంట్లో కవాతు సంగీతం, గంభీరమైన వ్యాఖ్యానం, నవ్వుతున్న బిర్కుత్. పక్కన పడేసినదాంట్లో శబ్దమే లేదు, గోడ మీంచి బిర్కుత్ బొమ్మని దించేయడం కూడా దాంట్లోనే ఉంది. దారం ఆమె చేతికి చిక్కేది అక్కడే. నువ్వు కూడా నీ వ్యక్తి గురించి అచ్చయినది చదివి ఆగిపోకు, అచ్చుకాకుండా మిగిలింది ఎవరి దగ్గరుందో అడుగు. ఫొటో అయితే కత్తిరించిన అంచులో ఎవరున్నారో చూడు, వీడియో అయితే ‘కట్’ అన్న తర్వాత సెకన్లలో ఏముందో చూడు.

ఈ నలుపు తెలుపు భాగాల్లో కొన్ని అసలు వార్తాచిత్రాలు, కొన్ని వైదా కొత్తగా తీసి కలిపినవి. రెండూ కలిసిపోవాలంటే కేవలం రంగు తీసేస్తే సరిపోదు. గ్రెయిన్, అంటే ఫిల్ము మీది గరుకు చుక్కలు, పెద్దదిగా ఉండాలి, కాంట్రాస్టు గట్టిగా ఉండాలి. మైకు మాటలకి బదులు పైనుంచి వ్యాఖ్యానం రావాలి. అన్నిటికంటే ముఖ్యం, కెమెరా ఆనాటి కెమెరాలా నిలబడాలి. విద్యార్థులు చేసే తప్పు ఇక్కడే: బొమ్మని పాతదానిలా చేస్తారు, కదలికని మాత్రం ఈనాటిదే ఉంచేస్తారు. అలా కొత్తగా తీసిన దొంగ వార్తాచిత్రం టైటిళ్లలో సహాయ దర్శకుడిగా వైదా తన పేరే వేసుకున్నాడు. అలాంటి సినిమాలకి తన తరం కూడా చెయ్యి వేసిందని ఒప్పుకోవడమే అది. చూడకుండా దాటేయకు.

రెండో మెట్టు మ్యూజియం. నేలమాళిగలో పారేసిన విగ్రహాన్ని అనుమతి లేకుండా తీస్తుంది, దాని మీద ఎక్కి కూర్చుని కెమెరా తనే పట్టుకుంటుంది. చూడ్డానికి భలే ఉంటుంది కానీ నువ్వు అలా చెయ్యకు. అనుమతి లేని షాట్‌ని రేపు టీవీలో గానీ ఫెస్టివల్‌లో గానీ వెయ్యనివ్వరు.

వాళ్ల కెమెరామన్ పాతకాలం మనిషి, స్టాండు కావాలంటాడు. ఆమె చేత్తో పట్టుకోమంటుంది, వైడ్ లెన్సు వేయమంటుంది. ఇది వట్టి మొండితనం కాదు. చెయ్యి ఎంత వణికినా వణుకు ఒకటే, కానీ 85 మి.మీ. లెన్సులో అది 18 మి.మీ. దానికంటే దాదాపు ఐదు రెట్లు పెద్దగా కనిపిస్తుంది. అందుకే చేతి కెమెరాకి వైడ్ లెన్సు. దాని ఖర్చు దానికుంది. మొహం నిండుగా రావాలంటే మనిషికి అడుగు దూరానికి వెళ్లాలి, ముక్కు సాగుతుంది, మైకు పట్టుకున్నవాడు ఫ్రేములోకి వచ్చేస్తాడు, ఎదుటి మనిషి కెమెరాని మరిచిపోయే అవకాశమే ఉండదు. వైదా సినిమా కెమెరామన్ ఎద్వర్ద్ క్వోషిన్‌స్కీ కూడా ఆగ్న్యేష్కని వైడ్ లెన్సుతో దగ్గరగా తీస్తాడు, అందుకే ఆ పిల్ల అడుగు తీసి అడుగు వేస్తే తెర సగం దాటినట్టుంటుంది. క్రిస్టినా యండాకి అది మొదటి పెద్ద వేషం. కొందరికి ఆ నటన మరీ దూకుడనిపిస్తుంది. నాకైతే ఆ దూకుడు లేకపోతే సినిమా నిలబడదనిపిస్తుంది.

తర్వాత సాక్షులు. ఆనాడు ఆ రికార్డుని సినిమా తీసిన బుర్‌స్కీ ఇప్పుడు పెద్ద దర్శకుడు. అదంతా తను ఏర్పాటు చేసిందేనని చెబుతాడు: మనిషిని ఎంచుకోవడం, మంచి తిండి పెట్టించడం, కెమెరా ముందుకి గడ్డం గీయించడం. అప్పటి రహస్య పోలీసు మనిషి ఇప్పుడు స్ట్రిప్‌టీజ్ క్లబ్ నడుపుతున్నాడు. జైలుకెళ్లొచ్చిన స్నేహితుడు వితెక్ ఇప్పుడు కొత్త ఉక్కు ఫ్యాక్టరీలో పెద్ద హోదాలో ఉన్నాడు. మాజీ భార్య హంకా జకోపనేలో తాగి ఏడుస్తుంది. వీళ్లలో ఒక్కరూ పూర్తిగా అబద్ధం చెప్పరు, ప్రతివాళ్లూ తన వాటా దగ్గర గొంతు తగ్గిస్తారు. కాగితం మీద నాలుగు గళ్లు గీసుకుని సినిమా చూడు: ఎవరు చెబుతున్నారు, బిర్కుత్‌ని ఆఖరున ఏ సంవత్సరంలో చూశారు, ఆనాడు వాళ్లకి ఏం దక్కింది, ఆ మాటకి ఆధారంగా తెర మీద ఏ బొమ్మ ఉంది. నాలుగో గడి ఖాళీగా ఉన్న చోటల్లా నీకు అనుమానం రావాలి. ఇదే కాగితం నీ సాక్షులకీ పనికొస్తుంది. వాళ్లని ‘ఆయన ఎలాంటివాడు’ అని అడిగితే పొగడ్తే వస్తుంది, ‘ఆఖరున ఎక్కడ చూశారు, చేతిలో ఏముంది’ అని అడిగితే కథ వస్తుంది.

ఆమెకి దెబ్బ ఎక్కడ తగిలిందంటే, బిర్కుత్ లేకుండా ముగింపు లేదని టీవీవాళ్లు కెమెరా, ఫిల్ము వెనక్కి తీసేసుకుంటారు. ఆ రోజుల్లో ఫిల్మంటే లెక్కే: 35 మి.మీ.లో 300 మీటర్ల రీలు సెకనుకి 24 ఫ్రేముల చొప్పున 11 నిమిషాలు, 16 మి.మీ.లో అదే 11 నిమిషాలకి 120 మీటర్లు. పది నిమిషాల సినిమాకి ఐదింతలు తీస్తే దగ్గర దగ్గర ఐదు రీళ్లు. నీకు మెమరీ కార్డులున్నాయి కాబట్టి ఆ భయం లేదు, అదే నీ చిక్కు. గంట ఇంటర్వ్యూని కాగితం మీదికి దించడానికి నాలుగు గంటలు పడుతుంది. ఇరవై గంటలు తీశావంటే ఎడిటింగ్ మొదలుపెట్టకుండానే ఎనభై గంటలు.

అప్పుడు ఆమె తండ్రి ఇంట్లో కూర్చుని, కెమెరా సంగతి తర్వాత, ముందు ఆ మనిషి ఏమయ్యాడో కనుక్కోమంటాడు. ఖాళీ చేతులతో గ్దాన్స్క్‌లో ఓడలు కట్టే షిప్‌యార్డుకి వెళ్తుంది. అక్కడ దొరికేది బిర్కుత్ కొడుకు. తండ్రి చనిపోయాడని చెబుతాడు, అంతే. తండ్రీ కొడుకుల వేషాలు రెండూ యెజీ రాజివివోవిచే వేశాడు, అందుకని ఆ మొహం కనబడగానే ఒక్క క్షణం బిర్కుతే అనుకుంటావు. ఆ తర్వాత ఆమె సమాధి కోసం వెతికే దృశ్యాన్ని సెన్సారు తీసేసింది. బిర్కుత్ ఎలా పోయాడో దీనికి కొనసాగింపుగా 1981లో వచ్చిన రెండో సినిమాలో గానీ తెలియదు. గ్దాన్స్క్ ఫెస్టివల్‌లో ‘పాలరాతి మనిషి’కి పెద్ద బహుమతి రాలేదు. విలేకరులే మెట్ల మీద వైదాకి ఒక ఇటుక బహూకరించారు.

సబ్‌టైటిళ్లున్న ప్రతి చూసుకుని తెచ్చుకో, ఇందులో మాటలు ఎక్కువ. ఆ నాలుగు గళ్ల కాగితం నింపి ఒక కాపీ నాకు పంపు, పక్కనే నీ సాక్షులదీ ఒకటి పెట్టు. నాన్నని చూడమను, తాపీపని భాగం ఆయనకి నచ్చుతుంది.

అక్క