టార్చి వేసి నోరు చూడండి

సంపాదకులకు,

మా టెక్కలి వైపు పల్లెల్లో పెద్దవయసు ఆడవాళ్లు ఇప్పటికీ అడ్డపొగ తాగుతారు. చుట్ట నిప్పు కొస నోట్లో ఉంటుంది కాబట్టి సెగంతా అంగిటికే తగులుతుంది. ముందు తెల్లమచ్చలు, పుండ్లు, కొందరికి చివరికి క్యాన్సర్. మా అత్తగారికి అలాగే వచ్చింది. నొప్పి లేదు కదా అని ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

30 ఏళ్లు దాటినవాళ్లకు బీపీ, షుగర్‌తో పాటు నోరు కూడా చూడాలన్నది ప్రభుత్వ కార్యక్రమమే. మా ఇంటికొచ్చినవాళ్లు మాత్రం బీపీ చూసి, నోటి గడిలో టిక్కు పెట్టుకుని వెళ్లిపోయారు. టార్చి వేసి చూడటానికి ఎంతసేపు పడుతుంది?

అత్తగారి వైద్యానికి మేం డబ్బు కట్టాల్సిన పని లేకపోయింది, నిజమే. కానీ రేడియేషన్ సోమవారం నుంచి శుక్రవారం దాకా, వారాల తరబడి. అది చేయించిన విశాఖ ఇక్కడికి దాదాపు 150 కిలోమీటర్లు. గది అద్దె, మా ఆయన కూలి పోవడం మా నెత్తినే పడ్డాయి. మా ఊరాయన ఒకరు ఆ ఖర్చుకే సగంలో మానేసి వచ్చేశారు. రోగికీ తోడున్నవాళ్లకీ ఆస్పత్రి దగ్గర ఉచిత బస ఇవ్వాలి. తర్వాతి చెకప్‌లు శ్రీకాకుళంలోనే జరగాలి.

పొగాకు మీద ప్రకటనలు సినిమా హాళ్లలో వేస్తున్నారు. ఈ ముసలమ్మలు సినిమాకి ఎప్పుడెళ్లారు? పింఛను ఇచ్చే రోజున చెప్పించండి, అందరూ ఇంట్లోనే ఉంటారు.

– ఒక కోడలు, టెక్కలి మండలం, శ్రీకాకుళం జిల్లా