షెడ్డులో ఇసుక దుమ్ము

సంపాదకులకు నమస్కారం.

కాజీపేటలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో పాత స్కూటర్లు బాగుచేస్తాను. తుప్పు వదిలించడానికి రెండేళ్ల కింద ఇనుప రేకుతో సొంతంగా బ్లాస్టింగ్ పెట్టె చేసుకున్నాను; అందులో కంప్రెసర్ గాలితో ఇసుకలాంటి రవ్వను సామాను మీదికి వేగంగా కొట్టి తుప్పు రాలగొడతాం. మొదట గోదావరి ఇసుకే జల్లెడ పట్టి వాడాను. మూత సందుల్లోంచి సన్నటి దుమ్ము వచ్చి, కిటికీ ఎండలో పొగలా నిలబడేది. అందులోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ అనే జబ్బు వస్తుందని, దాన్ని నయం చేసే మందు లేదని తెలిశాక నాకు నిద్ర పట్టలేదు. బ్రిటన్‌లో ఈ పనికి ఇసుక వాడొద్దని 1950లోనే నిషేధించారు. నేను చూసిన షెడ్లలో కుర్రాళ్లు ఇంకా ముఖానికి రుమాలు కట్టుకుని ఇసుకే కొడుతున్నారు. రుమాలు ఆ దుమ్మును ఆపదు.

ఇప్పుడు ఇసుక బదులు గార్నెట్ అనే గట్టి ఖనిజపు రవ్వ వాడుతున్నాను, కార్బ్యురేటర్లకైతే గాజు పూసలు. ధర ఎక్కువే, కానీ పెట్టె అడుగున పడ్డది ఎత్తి మళ్లీ మళ్లీ కొట్టొచ్చు. మూతకు రబ్బరు పట్టీ వేసి, సన్నటి దుమ్మును కూడా పట్టే ఫిల్టరున్న వాక్యూమ్ బిగించాను. చిన్న సందు మిగిలినా బయటి గాలే లోపలికి పోతుంది. వానాకాలం కంప్రెసర్ గాలిలో తేమకు గార్నెట్ ముద్దకట్టి నాజిల్ మూసుకుపోయేది. నీటిని ఆపే ఫిల్టర్ పెట్టాక ఆ టెన్షన్ పోయింది.

కార్మిక శాఖ అధికారులు ఒక్కసారి ఈ షెడ్లకు రావాలి. కేసులు రాయడానికి కాదు, ఆ కుర్రాళ్లకు సరైన మాస్కు చూపించి, విషయం చెప్పడానికి. ఐటీఐలలో కూడా ఇది నేర్పాలని కోరుతున్నాను.

– ఒక స్కూటర్ మెకానిక్, కాజీపేట