ఏడాది సగటు కాదు, ఏప్రిల్ లెక్క చెప్పండి

సంపాదకుడు గారికి,

వంశధారలో నీళ్లకు కొదవ లేదంటారు, ఆగస్టులో గొట్టా బ్యారేజీ గేట్లెత్తినప్పుడు చూస్తే నిజమే అనిపిస్తుంది. మరి ఏప్రిల్‌లో? మనిషికి ఏడాదికి దొరికే నీళ్లు 1,700 ఘనపు మీటర్లకన్నా తగ్గితే నీటి ఒత్తిడి, 1,000కన్నా తగ్గితే కొరత అని ఒక కొలత ఉంది, కానీ అది ఏడాది సగటు కాబట్టి మన ఎండాకాలం అందులో కనపడదు. ఐక్యరాజ్యసమితి లెక్క కొంత నయం: నది బతకడానికి వదలాల్సిన నీళ్లు పక్కనపెట్టి, మిగిలినదాంట్లో ఎంత తోడుతున్నామో చూస్తారు, 25 శాతం దాటితే ఒత్తిడి మొదలైనట్టే. ఇదే లెక్క నాగావళికీ వంశధారకీ నెలనెలా కట్టి, పొలాల్లో బోర్లు కూడా కలిపి, నారు పోయకముందే పంచాయతీ బోర్డు మీద రాయండి. మాది ఆయకట్టు చివరి ఊరు, కాలువ నీళ్లెప్పుడని అడిగితే నీళ్లు వదిలే లస్కరు ఆకాశం చూపిస్తాడు.

ఒక రైతు, శ్రీకాకుళం జిల్లా