మేం అన్నదమ్ములం కార్లు ఎందుకు మార్చుకున్నామంటే

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో స్పీడుగా పోయే చిన్న కార్ల గురించి, అదే కుర్రాళ్లు హాట్ హ్యాచ్ అంటుంటారే వాటి గురించి, ఒక పేజీ వేశారు. సున్నా నుంచి వందకు ఎన్ని సెకన్లు, ఎంత హార్స్‌పవర్, మలుపులో ఏది గట్టిగా నిలబడుతుంది, అన్నీ బాగానే రాశారు. కానీ చివర్లో ఒకదాన్ని విజేత అని తేల్చేసి వదిలేశారు చూడండి, అక్కడ నాకు మనసొప్పలేదు. ఎందుకంటే మీరు పోల్చిన ఆ రెండు కార్లూ మా ఇంట్లో ఉన్నాయి. రెండూ నాలుగైదేళ్లుగా మా చేతుల్లో తిరుగుతున్నాయి.

మాది కావలి. డ్రిప్ పైపులు, మోటార్లు అమ్మే షాపు ఉంది. అమ్మానాన్న నా దగ్గరే ఉంటారు. తమ్ముడు నెల్లూరులో బ్యాంకు ఉద్యోగి, ఒక సందులో అద్దె ఇల్లు, ఇంకా పెళ్లి కాలేదు. 2021లో నేను ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ కొన్నాను, 1.0 లీటర్ టర్బో పెట్రోలు (టర్బో అంటే ఇంజిన్లోకి గాలిని ఒత్తి పంపి బలం పెంచేది), ఆటోమేటిక్. మరుసటి ఏడాది వాడు హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ తీసుకున్నాడు, అదీ 1.0 లీటర్ టర్బోనే, డీసీటీ గేర్‌బాక్స్. 2023 దసరాకు ఇద్దరం కూర్చుని మాట్లాడుకుని తాళాలు మార్చుకున్నాం. నా పేరు మీదున్న పోలో వాడి దగ్గర, వాడి పేరు మీదున్న ఐ20 నా దగ్గర. మూడేళ్లు కావొస్తోంది, ఇద్దరిలో ఎవరూ మళ్లీ వెనక్కి ఇమ్మని అడగలేదు. ఎందుకో చెప్పాలనే ఈ ఉత్తరం.

ముందు కాగితం మీది లెక్కలు. పోలోకి 110 హార్స్‌పవర్, 175 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే లాగే బలం. ఐ20 ఎన్ లైన్‌కి 120, 172. వందకు రెండూ పది సెకన్ల అటూ ఇటూ. గోల్ఫ్ జీటీఐ లాంటి అసలు సిసలు హాట్ హ్యాచ్‌ల పక్కన పెడితే (2025లో అది మన దేశానికి 53 లక్షల ధరతో వచ్చింది, 265 హార్స్‌పవర్) ఇవి హాట్ కాదు, వార్మ్ అనేవాళ్లున్నారు. అననీయండి. పది పదిహేను లక్షల్లో నాలుగు మీటర్ల లోపు కారు కొనుక్కుని, దాన్ని నడుపుతూ సంతోషపడదామనుకునే మామూలు ఇంటివాడికి మన దగ్గర దొరికినవి ఇలాంటివే. అంతకుముందు అబార్త్ పుంటో వచ్చింది, 145 హార్స్‌పవర్, నిలబడలేదు. బాలెనో ఆర్‌ఎస్ 2017లో వచ్చి మూడేళ్లకే పోయింది. పోలో కూడా 2022లో ఆగిపోయింది.

ఇక నడపడం గురించి. పోలో నాకు ప్రాణం, ఆ మాట దాచను. తలుపు వేస్తే బీరువా తలుపు పడినట్టు థప్ మని పడుతుంది. స్టీరింగ్ చేతిలో బరువుగా, నమ్మకంగా ఉంటుంది. తెల్లవారుజామున ఐదింటికి ఒక్కడినే కావలి నుంచి హైవే ఎక్కి ఉలవపాడు దాకా, రోడ్డు ఖాళీగా, పక్కన మామిడి తోటల మీద మంచు దిగి ఉన్నప్పుడు, బోర్డు మీద రాసిన స్పీడులోనే వెళ్తున్నా సరే ఆ కారులో ఒక హాయి ఉంది. ఐ20లో అది అంతగా రాదు. ఐ20 చురుగ్గా ఉంటుంది, సైలెన్సర్ శబ్దం బాగుంటుంది, ఎర్ర గీతలు చూసి పల్లెల్లో పిల్లలు రేసు కారా అన్నా అని అడుగుతారు. కానీ రోడ్డుకు అతుక్కుపోయిన ఆ బరువు పోలోదే.

మరి దాన్నెందుకు ఇచ్చేశావు అంటారు. మా అమ్మ కోసం.

అమ్మకు రెండు మోకాళ్లూ అరిగాయి. నాన్న పొడుగు మనిషి, ముందు సీటు ఆయనది, ఆ సీటు బాగా వెనక్కి జరిపితే తప్ప ఆయన కాళ్లు పట్టవు. ఆయన వెనక అమ్మ. పోలో ఎక్కాలంటే ఆమె ముందు తలుపు పై అంచు పట్టుకుని, అటు తిరిగి, సీటు అంచున కూర్చుని, ఆ తర్వాత ఒక్కో కాలినీ రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టుకునేది. పెట్టుకున్నాక కూడా మోకాలు ముందు సీటుకు ఆనుకునే ఉండేది. ఇబ్బందిగా ఉందా అమ్మా అంటే, ఏం లేదులే అబ్బయ్యా, నువ్వు పోనీ అనేది. ఒంగోలులో పెద్దమ్మ వాళ్ల ఇంటికి చేరేసరికి దిగి నిలబడటానికి రెండు నిమిషాలు పట్టేది, గేటు పట్టుకుని అలాగే నిలబడిపోయేది. నేను అద్దంలో చూసుకుంటూ ఎంత బాగా నడిపానో అనుకుంటున్న ఆ గంటసేపూ, వెనక ఆమె మోకాలు సీటుకు కొట్టుకుంటూనే ఉందన్నమాట. అది గుర్తొస్తే ఇప్పటికీ మనసు పిండేసినట్టుంటుంది.

పోలో ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం 2,470 మిల్లీమీటర్లు, ఐ20కి 2,580. తేడా 11 సెంటీమీటర్లు. మీ పేజీలో ఈ అంకె ఒక మూల పట్టికలో ఉంది, దాని మీద ఒక్క వాక్యం లేదు. మా ఇంట్లో ఆ 11 సెంటీమీటర్లే అమ్మ మోకాలు. దసరాకు తమ్ముడి కారులో పెంచలకోన వెళ్లి వచ్చాం. అమ్మ తనంతట తను ఎక్కింది, తనంతట తను దిగింది, దిగి గుడి వైపు నడుచుకుంటూ వెళ్లిపోయింది. నేనూ తమ్ముడూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ రాత్రే తాళాలు మారాయి.

వాడు నా కోసం త్యాగం చేశాడనుకోకండి, వాడి బాధ వాడికుంది. ఐ20లో ఉన్న డీసీటీ గేర్‌బాక్స్‌లో రెండు క్లచ్‌లుంటాయి, ఒకటి బేసి గేర్లకు, ఒకటి సరి గేర్లకు. ఒక గేరులో వెళ్తుండగానే తర్వాతి గేరు సిద్ధంగా ఉంటుంది, అందుకే హైవే మీద రెప్పపాటులో మారుతుంది. కానీ అవి నూనెలో మునగని పొడి క్లచ్‌లు. బండి నడక కన్నా నెమ్మదిగా పాకుతున్నప్పుడు ఆ ప్లేట్లు సగం పట్టి సగం వదిలి రాసుకుంటూ ఉంటాయి, వేడెక్కుతాయి, అడుగు తీసి అడుగు వేస్తున్నప్పుడు చిన్నగా తోసినట్టు ఉంటుంది. నెల్లూరు సాయంత్రాలు మీకు తెలియనివి కావు. ట్రంకు రోడ్డు, వీఆర్‌సీ సెంటరు, ఊరిని రెండుగా కోసిన రైలు కట్ట, దాని కింద అండర్ బ్రిడ్జిల దగ్గర ఆగిపోయిన ఆటోలు, బైకులు. బ్యాంకు నుంచి ఇంటికి నాలుగు కిలోమీటర్లకు ఒక్కోరోజు ముప్పావు గంట. పోలోలో ఉన్నది పాత పద్ధతి టార్క్ కన్వర్టర్, ఇంజినుకూ గేర్లకూ మధ్య నూనె పని చేస్తుంది, అందుకని బ్రేకు మీద కాలు తేలిక చేస్తే చాలు, వెన్నలా కదులుతుంది. అన్నా, ఇంటికొచ్చాక కాలు నొప్పి లేదు అన్నాడు మొదటి వారమే. పైగా పోలో వెడల్పు ఐ20 కన్నా 9 సెంటీమీటర్లు తక్కువ. వాడుండే సందులో ఎదురుగా పాల బండి వస్తే ఆ 9 సెంటీమీటర్లు చాలా పెద్దవి. వాడి వెనక సీట్లో కూర్చునేది లాప్‌టాప్ బ్యాగు, దానికి మోకాళ్లు లేవు.

అంటే ఒకే కారు ఒకరికి రోజూ వాడుకునే కారు, ఇంకొకరికి కాదు. రోజూ ఏం చేస్తామన్నదాన్ని బట్టి ఉంటుంది.

నా రోజు ఎలా ఉంటుందంటే, పొద్దున షాపు, మధ్యాహ్నం రైతుల దగ్గరికి. వారానికి ఒకసారైనా ఒంగోలు మీదుగా చీమకుర్తి, పొదిలి వైపు. ఆ దారిలో గెలాక్సీ గ్రానైట్ దిమ్మెలు వేసుకుని లారీలు వెళ్తుంటాయి, ఇల్లంత రాయి ఒక్క గొలుసు మీద ఆధారపడి కదులుతున్నట్టు కనిపిస్తుంది, దాని వెనక ఎక్కువసేపు ఉండబుద్ధి కాదు. ఎదురుగా ఖాళీ దొరికేది పది సెకన్లు. నలుగురు కారులో ఉన్నారు, ఏసీ నడుస్తోంది. ఇలాంటప్పుడు ఐ20 స్టీరింగ్ వెనకున్న ఎడమ పాడిల్ (గేరు తగ్గించే చిన్న మీట) రెండుసార్లు నొక్కితే చాలు, అడగకముందే ఇచ్చినట్టు లాగుతుంది. దాని పూర్తి టార్క్ ఇంజిను 1,500 ఆర్‌పీఎం (నిమిషానికి అన్ని చుట్లు) నుంచే అందుతుంది, పోలోకి 1,750 దాకా ఆగాలి. కాగితం మీద చిన్న తేడానే. లారీ పక్కన ఉన్నప్పుడు చిన్నదేం కాదు. టర్బో ఇంజిను కుర్రాళ్ల సరదా అనుకుంటారు గానీ, రెండు లైన్ల రోడ్డు మీద ఎదురు లైన్లో గడిపే సమయాన్ని తగ్గించేది అదే. స్పీడు కారు కొన్నది స్పీడుగా పోవడానికి కాదు, త్వరగా దాటి మళ్లీ మన లైన్లోకి రావడానికి.

ఇప్పుడు స్పీడు బ్రేకర్లు. మీ పేజీలో ఈ ముక్కే లేదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, అడుగున వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి, అంటే ఎక్కి దిగినట్టే తెలియకూడదు. ఒక ఊరి బయట ఐ20 అడుగు కర్ర్ మని రాసుకున్నప్పుడు దిగి, కారులోనే ఉన్న షాపు టేపుతో కొలిచాను. ఎత్తు 17 సెంటీమీటర్లు, వెడల్పు మీటరు కూడా లేదు. సిమెంటు గోడను పడుకోబెట్టినట్టుంది. పోలో అయినా ఐ20 అయినా ఐదుగురు ఎక్కితే ఇలాంటి చోట రాసుకోక తప్పదు. ముగ్గురిని దింపి, కారును ఏటవాలుగా ఎక్కించి, అవతల మళ్లీ ఎక్కించుకోవాలి. ఎన్ లైన్ సస్పెన్షన్ మామూలు ఐ20 కన్నా గట్టిగా పెట్టారు కాబట్టి గుంతల్లో వీపుకు తెలుస్తుంది, ఆ విషయంలో పోలో మెరుగు, గుంతను మింగేసి ముందుకు పోతుంది. పెద్దవాళ్లున్న ఇంటివాళ్లు ఎన్ లైన్ కొనేముందు షోరూమ్ చుట్టూ కాకుండా మీ ఊరి గతుకుల రోడ్డు మీదే నడిపించి చూడండి, వెనక సీట్లో వాళ్లను కూర్చోబెట్టి మరీ.

టైర్లు రెండింటికీ ఒకే సైజు, 195/55 ఆర్16. చూడటానికి అందం, కానీ పక్క గోడ పొట్టిది. కోతల కాలంలో పల్లె రోడ్ల మీద సగం దాకా వడ్లు ఆరబోస్తారు, వాటి చుట్టూ రాళ్లు పేరుస్తారు. రైతు వేరే ఏం చేస్తాడు, కల్లాలు ఎక్కడున్నాయి. ఒక చీకటి సాయంత్రం అలాంటి రాయి ఒకటి తగిలి టైరు పక్కన కోడిగుడ్డంత ఉబ్బింది, మార్చాల్సి వచ్చింది. అప్పటి నుంచీ చీకటి పడితే పొలాల రోడ్లో ముప్పై దాటను.

మైలేజీ సంగతి త్వరగా చెప్పేస్తాను. కంపెనీ లెక్క పోలో ఆటోమేటిక్‌కు 16.47, ఐ20 డీసీటీకి 20.25. నాకు ఐ20 హైవేలో 17 దాకా ఇస్తుంది, తమ్ముడికి నెల్లూరు ట్రాఫిక్‌లో పోలో 10 ఇస్తే గొప్ప. పెట్రోలు మన దగ్గర కన్నా తమిళనాడులో చవక, అందుకే చెన్నై వెళ్లినప్పుడు తడ దాటాక నింపుకుంటాం. ఐ20 ట్యాంకు 37 లీటర్లే, పోలోది 45, దూరాలకు ఆ తేడా తెలుస్తుంది.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, 2025 సెప్టెంబరులో చిన్న కార్లకు జీఎస్టీ 18 శాతానికి తగ్గాక మా షాపుకొచ్చే కుర్రాళ్లు చాలామంది ఇదే అడుగుతున్నారు, పాత పోలో వెతుక్కోమంటావా అన్నా, కొత్త ఎన్ లైన్ తీసుకోమంటావా అని. నేను ఎదురు అడిగేది ఒక్కటే, నీ కారులో వెనక ఎవరు కూర్చుంటారు అని. మీ పేజీ చదివి లక్షలు పెట్టేవాళ్లున్నారు. ఈసారి పోల్చేటప్పుడు వెనక సీట్లో ఒక అరవై ఏళ్ల మనిషిని కూర్చోబెట్టుకుని ఒంగోలు నుంచి పొదిలి దాకా వెళ్లి రండి, వాళ్లు ఎలా దిగారో రాయండి. నెల్లూరు, ఒంగోలు లాంటి ఊళ్లలో ఈ కార్లు వాడుతున్నవాళ్లను అడిగి అర పేజీ ఇవ్వండి.

కార్లు మారినా ఫాస్టాగ్‌లు మాత్రం ఎవరి ఫోన్ నంబర్ల మీద వాళ్లవే ఉండిపోయాయి. నేను ఐ20లో టంగుటూరు టోల్ దాటగానే డబ్బులు కట్ అయినట్టు మెసేజ్ నెల్లూరులో తమ్ముడికి వెళ్తుంది. రెండు నిమిషాల్లో వాడి ఫోను. పెద్దమ్మ వాళ్ల ఇంటికేనా అన్నా, అమ్మ ఉందా కారులో, స్పీకర్లో పెట్టు అంటాడు. అమ్మ వెనక నుంచి కాళ్లు చాపుకుని మాట్లాడుతుంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
కావలి, నెల్లూరు జిల్లా.