జ్ఞాపిక కొనేముందు ఎవరు చేశారో అడగండి

సంపాదకుల వారికి,

ఆస్ట్రేలియాలో తెలుగువాళ్ల కార్యక్రమం ఏది జరిగినా అతిథికి శాలువా కప్పి, ఒక జ్ఞాపిక చేతిలో పెడతాం. ఇండియా వెళ్లేటప్పుడు చుట్టాల కోసం నాలుగు బూమరాంగ్‌లు సూట్‌కేసులో సర్దుకుంటాం. వాటి మీద చుక్కల బొమ్మలు చూసి ఇక్కడి ఆదివాసుల చేతిపని అనుకుంటాం. చాలాసార్లు అది నిజం కాదు.

పోయినేడు మా అమ్మ కరీంనగర్ నుంచి వచ్చినప్పుడు దేశం నడిమధ్యలో ఉన్న ఆలిస్ స్ప్రింగ్స్ వెళ్లి, అక్కడికి పడమరన దాదాపు 130 కిలోమీటర్ల దూరంలో ఉన్న హెర్మన్స్‌బర్గ్ చూసొచ్చాం. అక్కడి పశ్చిమ అరెర్న్‌టె ఆదివాసులు తమ ఊరిని న్టారియా అంటారు. 1990లో మొదలైన కుండల కేంద్రం ఉందక్కడ. పనిచేసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. కుమ్మరి సారె లేదు. ఒకామె ఎర్రమట్టిని తాడులా పేని, చుట్ట మీద చుట్ట పేర్చుకుంటూ, అతుకు కనపడకుండా వేళ్లతో నున్నగా రుద్దుతోంది. "అచ్చం సకినాలు చుట్టినట్టే ఉంది బిడ్డా" అంది అమ్మ. కుండ చుట్టూ వాళ్ల ఊరి ఊదారంగు కొండలు, తెల్ల మాను చెట్లు. మూత మీద మట్టితోనే చేసిన ఎర్రతోక నల్ల కాకటూ, ఇప్పుడే ఎగిరిపోతుందేమో అన్నట్టు కూర్చుంది. పిట్టలే కాదు, ఫుట్‌బాల్ ఆటగాళ్లు కూడా ఆ మూతలెక్కుతారు. వాళ్ల నేల, వాళ్ల బతుకు అంతా ఆ కుండ మీదే ఉంది.

తిరిగొచ్చాక అమ్మ సిటీలో ఒక సావనీర్ షాపులో బూమరాంగ్‌లు కొంది. ఇంటికొచ్చి తిప్పి చూస్తే అడుగున చిన్న స్టిక్కర్, వేరే దేశంలో తయారైనట్టు. అమ్మ మొహం చిన్నబోయింది.

ఇది మా ఒక్కరి అనుభవం కాదు. ఆదివాసీ శైలిలో అమ్ముడయ్యే సావనీర్లలో సగానికి పైగా నకిలీవేనని ప్రభుత్వానికి సలహాలిచ్చే ఆస్ట్రేలియా ప్రొడక్టివిటీ కమిషన్ 2022లో తేల్చింది. ఇండోనేషియాలో చేయించిన వస్తువులను ఆదివాసీ కళగా అమ్మిన ఒక కంపెనీకి 2019లో ఫెడరల్ కోర్టు 23 లక్షల డాలర్ల జరిమానా వేసింది. అదీ కొనేవాళ్లను తప్పుదోవ పట్టించినందుకే. ఆ బొమ్మలు, ఆ శైలి ఎవరివో వాళ్ల హక్కు గురించి కాదు. ఆ హక్కును కాపాడే ప్రత్యేక చట్టం తెస్తామని 2023లో ప్రభుత్వం మాటిచ్చింది. ఆ మాట నిలబెట్టుకోవాలని ఇక్కడ ఓటున్న మనం కూడా అడగాలి.

న్టారియాకు ఈ నొప్పి పాతదే. నీటిరంగుల చిత్రాలతో దేశమంతా పేరు తెచ్చుకున్న ఆల్బర్ట్ నమత్జీరా 1902లో పుట్టింది ఆ ఊళ్లోనే. ఆయన పోయాక, 1983లో ఆ చిత్రాల కాపీరైట్‌ను ఆయన ఆస్తి చూసుకునే ప్రభుత్వ ట్రస్టీ ఒక ప్రచురణ సంస్థకు అమ్మేశాడు. అది ఆయన వారసుల ట్రస్టు చేతికి వచ్చేసరికి 2017 అయింది. ఈ రోజు కుండల మీద కనిపించే కొండలు ఆయన గీసిన కొండలే.

కొండపల్లి బొమ్మ పేరుతో ఎవరో ప్లాస్టిక్ బొమ్మ అమ్మితే మనం ఊరుకుంటామా? అందుకే ఇక్కడి తెలుగు సంఘాలకు నా విన్నపం. జ్ఞాపికలు ఆదివాసులే నడుపుకునే ఆర్ట్ సెంటర్ల నుంచి తెప్పించండి. చేసినవాళ్ల పేరు, ఊరు అడగండి. షాపువాళ్లు చెప్పలేకపోతే కొనకండి. చేతిపని కాబట్టి ధర ఎక్కువే, ఒప్పుకుంటాను. పదిమందికి పది నకిలీలు ఇచ్చే బదులు, ముఖ్య అతిథికి ఒక్క చిన్న కుండ ఇచ్చి, చేసినామె పేరు స్టేజీ మీద చదవండి. వచ్చే ఉగాదికి మా సంఘంలో నేనే ఈ మాట ఎత్తబోతున్నాను.

– ఒక పాఠకురాలు, మెల్‌బోర్న్